దిగిపోవువాడు ధడా తీయవలెను



ఆదోని ప్రత్తి బేరములు ఎరిగిన మీకు ధడా సంగతి నేను చెప్పనక్కరలేదు. గంప బరువునకు సరిగా త్రాసు రెండవ తట్టలో ఒక రాయి వేయుదురు. తూచినవాడు ఆ రాయి తీయక వెడలిపోయినచో, గంప లేక తూచుకొన వచ్చిన తరువాతివాని సరకు తక్కువ తూగును. త్రాసు మంచిదే, ప్రత్తి మంచిదే. అయినను రైతు నష్టపడును. కంప్యూటరు లోపలను ఇట్టి ధర్మమే యొకటి కలదు. నేడు మన పొలముల లెక్కలు సైతము కంప్యూటరులకెక్కినవి గనుక దానిని మనవి చేసెదను.

కంప్యూటరులో టైమరు అను పరికరము కలదు. అది నియమిత కాలమున కొకసారి గంట కొట్టినట్లు సంజ్ఞ నిచ్చును. ఆ సంజ్ఞను బట్టి, కెర్నెల్ అనబడు మూలవ్యవస్థ ఏ పని ఎంతసేపు నడువవలెనో నిర్ణయించును. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ సంజ్ఞ సెకనుకు సుమారు 18 సార్లు వచ్చెడిది. ఆనాటి డాస్ వ్యవస్థ ఆ సంజ్ఞలను లెక్కించియే వేళ తెలిసికొనెడిది. ఏదేని ఆట కార్యక్రమము తన అవసరమునకై టైమరును నాలుగింతలు త్వరపెట్టి, అట్లే విడిచిపోయినచో, ఒక గంటలో ఆ గడియారము నాలుగు గంటలు నడిచెడిది.

విద్యుత్తు ఆపినచో ఈ అమరికలు చెరిగిపోవును గదా, మరల సరిచేయనేల యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని పెద్ద యంత్రములను ఆపి లేపుటకు చాలసేపు పట్టును. అందుచే లినక్స్ వ్యవస్థలో కెక్సెక్ అను పద్ధతి కలదు. ఎమ్మిగనూరు మగ్గముపై పడుగు త్రెంపకయే ఒక నేతగాడు దిగి మరియొకడు కూర్చుండినట్లు, విద్యుత్తు ఆపకయే ఒక కెర్నెల్ దిగి మరియొకటి ఎక్కును. నడుమ సరిచూచువారు లేరు.

హెచ్.పి.ఇ.టి. అను క్రొత్త తరహా టైమరు, పాత టైమరు స్థానమున తానే సంజ్ఞ లిచ్చునట్లు అమర్చుటకు వీలున్నది. దిగిన కెర్నెల్ దాని నట్లే విడిచినచో, ఎక్కినది పాత టైమరు సంజ్ఞకై ఎదురుచూచి నిలిచిపోవచ్చును. కావున లినక్స్, ఆరంభముననే హెచ్.పి.ఇ.టి. అమరికను గుర్తు పెట్టుకొని, దిగునపుడు ఆ విలువలను మరల వ్రాసి మరీ పోవును. దిగునపుడు సరిచేయదలచినవాడు ఎక్కునపుడే గుర్తు పెట్టుకొనవలెను. మార్చిన పిదప తలచుకొన్న ప్రయోజనము లేదు.

అయినను హఠాత్తుగా కూలిన కెర్నెల్ అప్పగింత సరిగా చేయలేకపోవచ్చును. అందుచే వచ్చు కెర్నెలును టైమరును తానే సరిచూచుకొనుట మేలు. వెనుకటివాడు రాయి తీసియే యుండునని నమ్మక, ఉత్త త్రాసును ఒకసారి ఎత్తి చూచిన రైతు మోసపోడు.