మొదటిసారి ఇల్లు కొను రైతు వేసికొనవలసిన లెక్కలు

మన మెట్టప్రాంతపు గ్రామములలో ఇల్లు కొనుటను గూర్చిన ప్రస్తావన వెనుకటికంటె నెక్కువగా వినబడుచున్నది. పూర్వము రైతు తాతలనాటి పెంకుటింటినే బాగుచేయించుకొని కాలము గడుపుచుండెడివాడు. ఇప్పుడు పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములవారు పిల్లల చదువుల నిమిత్తము నందిగామలోనో విజయవాడలోనో ఒక ఇల్లు ఉండవలెనని తలంచుచున్నారు. హైదరాబాదు విజయవాడ రహదారి మన యూళ్ల మీదుగానే పోవుచుండుటచేత స్థలములు చూపించువారును, అప్పులిప్పించెదమనువారును మన గడపకే వచ్చుచున్నారు.

ఇల్లు కొనుట మంచిదే. కాని ఇంటి అప్పు యొక్క ఏర్పాటు నెలజీతగానిని దృష్టియం దుంచుకొని చేసినది. అతనికి నెలనెల రాబడి యుండును గనుక నెలనెల వాయిదా చెల్లించును. మనకు రాబడి పంటతో వచ్చును. వాయిదా మాత్రము నెల తప్పదు. ఈ భేదమును లెక్కలోనికి తీసికొనక అప్పు చేసిన రైతు, ఇంటిని నిలుపుకొనుటకై పొలము నమ్ముకొనవలసిన స్థితికి వచ్చును. అట్టి స్థితి రాకుండుటకు ముందుగా చూచుకొనవలసిన విషయములను సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

1. ఇంటి వెల యెంత?

అమ్మువాడు చెప్పిన ధర ఇంటి వెల కాదు. 25 లక్షల ఇల్లు అనుకొందము. బ్యాంకు 20 లక్షలు ఇచ్చిన, మన చేతినుండి 5 లక్షలు చాలునని పలువురు భావింతురు. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి మన రాష్ట్రమున క్రయ దస్తావేజునకు నూటికి 7½ వంతున వసూలగుచు వచ్చినది. ఆ లెక్కను 25 లక్షలకు 1,87,500 రూపాయలు. రేట్లు ప్రభుత్వోత్తరువులను బట్టి మారును గనుక సబురిజిస్ట్రారు కచేరిలో ఆనాటి రేటు తెలిసికొనవలెను. దీనికి తోడు బ్యాంకు రుసుము, వకీలు అభిప్రాయమునకు, వెలకట్టువానికి ఇచ్చునది, మరమ్మతులు, సామాను తరలింపు కలవు. కాబట్టి చేతిలో 7 లక్షలకు పైగా ఉండనిది ఈ యింటి జోలికి పోరాదు.

రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారము 30 లక్షల లోపు అప్పునకు ఇంటి విలువలో నూటికి 90 వరకును, 30 మొదలు 75 లక్షల వరకు 80, అంతకు మించినచో 75 వరకును ఇయ్యవచ్చును. ఇది బ్యాంకునకు విధించిన పరిమితియే గాని మనము తీసికొనదగిన మొత్తము కాదు. సహకార బ్యాంకులు గూడ ఇంటి అప్పు లిచ్చును. 2022 జూనులో రిజర్వుబ్యాంకు ఈ పరిమితిని పెంచి, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు తమ నికరాస్తిని బట్టి ఒక్కొక్కరికి 50 లక్షలు లేక 75 లక్షల వరకు ఇయ్యవచ్చునని అనుమతించినది. కనుక బయట విచారించుటకు ముందు మన సంఘములో విచారించుడు.

2. అప్పు ఎట్లు తీరును?

20 లక్షలు, నూటికి సాలుకు 9 వంతున, 20 సంవత్సరముల గడువునకు తీసికొన్న నెలవాయిదా 17,995 రూపాయలు. మొదటి సంవత్సరమున చెల్లించునది సుమారు 2,16,000. ఇందులో అసలుకు జమపడునది 37,500 మాత్రమే, తక్కినదంతయు వడ్డీ. గడువు ముగియునప్పటికి చెల్లించిన మొత్తము సుమారు 43 లక్షల 19 వేలు. అనగా ఇరువది లక్షలకు ఇరువదిమూడు లక్షలకు పైగా వడ్డీ.

అదే అప్పును 15 సంవత్సరములకు తీసికొన్న వాయిదా 20,285. నెలకు 2,290 రూపాయలు ఎక్కువ. కాని మొత్తముమీద సుమారు 6 లక్షల 67 వేలు మిగులును. గడువు పెంచినకొలది వాయిదా తేలికగా కనబడును గాని భారము పెరుగును.

రైతునకు అనుకూలమైన సంగతి యొకటి కలదు. రిజర్వుబ్యాంకు రేటును బట్టి వడ్డీ హెచ్చు తగ్గు లగు అప్పును ఫ్లోటింగు రేటు అప్పు అందురు. వ్యక్తులు తీసికొన్న అట్టి ఇంటి అప్పును ముందుగా చెల్లించినచో అపరాధ రుసుము తీసికొనరాదని రిజర్వుబ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించినది. పైయుదాహరణలో మొదటి సంవత్సరాంతమున పత్తి డబ్బు రాగానే వాయిదాలు గాక ఒక లక్ష అదనముగా అసలుకు కట్టి, వాయిదాను మార్చకుండిన, గడువు సుమారు 27 నెలలు తగ్గును. ఆ లక్ష మనకు సుమారు 4 లక్షల వడ్డీని తప్పించును. మంచి పంట వచ్చిన యేట నగలకును, వేడుకలకును పోవుటకు ముందు ఈ లెక్కను జ్ఞప్తియం దుంచుకొనుడు.

3. వడ్డీ మారుట

ఫ్లోటింగు రేటు తగ్గినప్పుడు లాభము, పెరిగినప్పుడు నష్టము. 2022 మే నెలకు ముందు రిజర్వుబ్యాంకు రెపో రేటు నూటికి 4 ఉండెను. 2023 ఫిబ్రవరి నాటికి 6½ అయ్యెను. పది నెలలలోపల రెండున్నర పెరిగినది. 10 లక్షల అప్పునకు 20 ఏండ్ల గడువున, 7 వంతు వడ్డీకి వాయిదా 7,753. వడ్డీ 9½ అయిన 9,321. పాత వాయిదానే కట్టుదమన్న, 9½ వంతున 10 లక్షలకు నెల వడ్డీయే 7,917 గనుక, అసలు తగ్గుటకు బదులు పెరుగును. చాలమంది వాయిదా మారలేదని సంతసించుచుండగా గడువు తెలియకుండ పొడిగింపబడుచుండెడిది. 2023 ఆగస్టులో రిజర్వుబ్యాంకు ఉత్తరువు చేసి, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకొనుటయా, గడువు పెంచుకొనుటయా యను ఎంపికను ఋణగ్రహీతకు ఇయ్యవలెనని శాసించినది. ఈ హక్కును అడిగి పొందవలెను.

దూరదేశపు నిదర్శన మొకటి చెప్పుదుము. అమెరికాలో మొదటి రెండు మూడేండ్లు తక్కువ వడ్డీ చూపి, ఆ తరువాత హెచ్చు వడ్డీ పడు షరతుపై, తీర్చు శక్తి లేనివారికి సైతము ఇంటి అప్పు లిచ్చిరి. ఇండ్ల ధర లెప్పుడును పెరుగుచునే యుండునని నమ్మిరి. ధరలు పడిపోగా 2007, 2008 సంవత్సరములలో లక్షలకొలది కుటుంబములు ఇండ్లు కోల్పోయినవి. పెద్ద పెద్ద బ్యాంకులు సైతము కూలిపోయినవి.

4. పంటరాబడికి తగిన వాయిదా

మన ప్రాంతమున పత్తి డబ్బు కార్తిక మార్గశిరములు మొదలుకొని వచ్చును. మిరప డబ్బు మాఘ ఫాల్గుణముల తరువాత. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు విత్తనములు, ఎరువులు, మందులు, కూలి యని డబ్బు పోవుటయే గాని వచ్చుట లేదు. సుబాబులు వేసినవారికి మూడు నాలుగేండ్లకు గాని కోత లేదు. కనుక ఈ క్రింది పద్ధతి నవలంబించుడు.

గడచిన ఐదేండ్ల నికర రాబడిని కాగితముమీద వేయుడు. అన్నింటికంటె తక్కువ వచ్చిన సంవత్సరమును తీసికొనుడు. మంచి సంవత్సరమును గాని సగటును గాని తీసికొనరాదు. అందుండి ఇంటిఖర్చు, పిల్లల రుసుములు, కౌలు, సంఘపు బాకీ వడ్డీ, వచ్చు సాలు సేద్యపు పెట్టుబడి తీసివేయుడు. మిగిలినదానిని పన్నెండు చేత భాగింపగా వచ్చునదే మీరు మోయగల నెలవాయిదా. పైయుదాహరణలోని 17,995 రూపాయల వాయిదాకు, కరవు సాలున గూడ 2,16,000 మిగులవలెను. మిగులనిచో చిన్న ఇల్లు చూడుడు, లేదా మరి రెండేండ్లు కూడబెట్టుడు.

ఇల్లు కొనుటకు ముందే ఆరు నెలల వాయిదాల సొమ్మును సంఘములో డిపాజిటుగా వేరుగా నుంచవలెను. అప్పు అడుగునప్పుడు అర్ధసంవత్సర వాయిదాలు గాని, పంటకాలమునకు సరిపోవు వాయిదాలు గాని ఉన్నవాయని బ్యాంకును అడిగి చూడవలెను. జీతపు చీటి లేని మనకు పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, పంట అమ్మిన రసీదులు, ఖాతాలో పడిన సొమ్ము ఇవియే సాక్ష్యములు. పంట డబ్బు ఖాతాద్వారా తీసికొను అలవాటు రెండు మూడేండ్లు ముందే చేసికొనుడు. ఇరుగుపొరుగువారికి పెట్టిన హామీ గూడ మీ పేర అప్పుగా కనబడునని మరువకుడు.

ఇంటి అప్పు వడ్డీకి ఆదాయపు పన్నులో రాయితీ కలదని అమ్మువారు చెప్పుదురు. వ్యవసాయాదాయముపై ఆదాయపు పన్నే లేదు గనుక, సేద్యము తప్ప వేరు రాబడి లేని రైతునకు ఆ రాయితీవలన కలుగు లాభము లేదు.

5. పంటఋణమును తాకరాదు

బయానాకు డబ్బు తక్కువైనప్పుడు చాలమంది చేయి పెట్టునది పంటఋణముపైననే. 3 లక్షల వరకు పంటఋణము నూటికి 7 వంతున ఇచ్చి, సకాలమున తీర్చినవారికి 3 తగ్గించుటచేత అది 4 కే లభించుచున్నది. ఆ సొమ్ము ఇంటిలో చిక్కుకొని గడువు దాటెనా, రాయితీ పోవును, వచ్చు సాలు అప్పు పుట్టదు, దుకాణదారు నొద్ద రెండు రూపాయల వడ్డీకి పోవలెను. రెండు రూపాయల వడ్డీ యనగా సాలుకు నూటికి 24. తొమ్మిది వంతుల ఇల్లు ఇరువదినాలుగు వంతుల సేద్యమును తెచ్చిపెట్టును.

వాయిదాలు తొంబది దినములకు మించి నిలిచిన బ్యాంకు దానిని మొండిబాకీగా లెక్కించును. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద అరువది దినముల నోటీసు ఇచ్చి, కోర్టుకు పోకయే తనఖా ఇంటిని స్వాధీనము చేసికొనవచ్చును. ఆ చట్టమున వ్యవసాయభూమికి మినహాయింపు కలదు గాని ఇంటికి లేదు. ఈ చట్టము సహకార బ్యాంకులకును వర్తించునని 2020 మే నెలలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

6. కాగితములు

స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజుచేతనే చెల్లును. 100 రూపాయల విలువకు మించిన దానికెల్ల ఇది 1882, 1908 నాటి చట్టముల నియమము. ఒప్పందపు కాగితము, నోటిమాట, పెద్దమనుషుల సమక్షమున ఇచ్చిన డబ్బు హక్కును ఇయ్యవు. 1983 నుండి ఋణభార పత్రము, అనగా ఈ.సీ., కంప్యూటరులో దొరకును. అంతకు ముందటిది కచేరి పుస్తకములలో వెదకించవలెను. బయానాగా గాని వెలలో భాగముగా గాని 20,000 లేక అంతకు మించిన నగదు పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 నుండి నిషేధించినది, చెక్కుద్వారానే ఇండు. నిర్మాణములోనున్న ఫ్లాటు కొనునెడల అది రెరా క్రింద నమోదైనదా యని చూడవలెను. రిజిస్టరు ఒప్పందము లేక వెలలో పదవ వంతుకు మించి పుచ్చుకొనరాదని 2016 నాటి ఆ చట్టము చెప్పుచున్నది.

ఊరిలోనే ఇల్లు కొనువారికి గ్రామకంఠపు చిక్కు కలదు. తరతరములుగా కాపురమున్నను దస్తావేజు లేని యిండ్లు అనేకము. వానిపై బ్యాంకులు అప్పు ఇయ్య వెనుకాడును. ఇట్టి నివాసస్థలములను కొలిచి యాజమాన్యపత్రము లిచ్చుటకు 2020 ఏప్రిలులో స్వామిత్వ పథకము ప్రారంభమైనది. అమ్మువాని వద్ద అట్టి పత్రము కలదేమో అడుగుడు. పరిటాల విషయమున మరియొక విశేషము కలదు. నలువైపుల బ్రిటిషు సీమ యుండగా నడుమ నిజాము రాజ్యమునకు చేరియుండిన గ్రామ మిది. కనుక ముత్తాతలనాటి కాగితములు చూపిన, అవి ఏ ప్రభుత్వపు కచేరిలో పుట్టినవో, తరువాత ఎవరెవరి చేతులు మారినవో వకీలుచేత చూపించుకొనుడు.

7. ధర పెరుగునను ఆశ

2015 అక్టోబరు 22న నదికావల అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు మన వైపు స్థలములకు గూడ గిరాకీ వచ్చినది. 2019 చివర మూడు రాజధానుల ప్రస్తావన రాగానే బేరములు చల్లబడినవి. ఉండుటకు కొను ఇంటికి ఈ హెచ్చుతగ్గులతో పనిలేదు. అమ్మి అప్పు తీర్చవచ్చునను ఆశతో కొనువానికి మాత్రము ఇవి ప్రాణాంతకములు. స్థలము పల్లమా మెరకయా యనియు చూడవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరము మొదలగు పేటలు దినములకొలది నీట నుండెను. అప్పు తీరు వరకు ఇంటికి భీమా, కుటుంబ యజమాని ప్రాణమునకు అప్పునకు సరిపడు భీమా ఉండుట క్షేమము. ప్రీమియమును అప్పులో కలుపక వేరుగా కట్టిన దానిపై వడ్డీ పడదు.

సభ్యులు బయానా ఇచ్చుటకు ముందు పై లెక్కలను కాగితముపై వేసికొని, ఇంటి ఆడవారితో కూర్చుండి చదివి, పిదప సంఘ కార్యదర్శికి చూపవలెనని కోరుచున్నాము. బయానా ఇచ్చిన పిమ్మట వచ్చువారికి సంఘము చేయగల సహాయము స్వల్పము.