మీకు తెలుసా? పిట్టల దొంగతనం డిజైనైన ఊరు
ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, థేమ్స్ నది ఇంకా సన్నగా పారే చోట కెల్మ్‌స్కాట్ అనే చిన్న పల్లె ఉంది. రాతి ఇళ్లు, ఓ పాత చర్చి, ఓ పబ్బు. అయినా డిజైన్ తెలిసినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. కారణం డిజైనర్ విలియం మోరిస్.

ఆయన 1871లో చిత్రకారుడు రోసెట్టితో కలిసి ఇక్కడి పాత భవంతిని అద్దెకు తీసుకున్నాడు. ఎంత ఇష్టపడ్డా చివరిదాకా అద్దెదారే! 1913లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు, భార్య జేన్ దాన్ని కొన్నది.

తోటలో స్ట్రాబెర్రీలు పండితే చాలు, థ్రష్ పిట్టలు వచ్చి వాలేవి. వాటి మెడలు విరిచేయాలని తోటమాలి గొణిగినా, ఒక్క పిట్ట జోలికీ పోవద్దనేవాడట మోరిస్. పైగా ఆ దొంగలనే 1883లో 'స్ట్రాబెర్రీ థీఫ్' అనే బట్ట మీదికి ఎక్కించాడు. దాని తయారీ మామూలు అద్దకం కాదు. ముందు బట్టంతా నీలిమందులో ముంచి, బొమ్మ రావలసిన చోట అచ్చులతో రంగు తీసేసి, ఆపైన ఎరుపు, పసుపు అద్దేవారు. రోజుల తరబడి పని, అందుకే ఖరీదూ ఎక్కువే.

1896లో మోరిస్‌ను ఈ ఊరి చర్చి ఆవరణలోనే ఖననం చేశారు. శవపేటికను తెచ్చింది పొలం బండి మీద.

అన్నట్టు, మోరిస్ పెట్టిన, పుస్తకప్రియులు కళ్లకద్దుకునే కెల్మ్‌స్కాట్ ప్రెస్ ఈ ఊళ్లో ఎన్నడూ లేదు. 1891లో అది మొదలైంది లండన్‌లోని హామర్‌స్మిత్‌లో.