అల్లూరు మిషన్ బంగళా: పరాయి దేశంలో యువ మిషనరీ దినచర్య

నెల్లూరు నుంచి పెన్నా దాటి ఉత్తరంగా వెళ్తే, రైలుబాటకూ సముద్రానికీ నడుమ అల్లూరు ఉంటుంది. ఊరి చుట్టూ చెరువుల కింద వరి మాగాణి, తూర్పున ఇసకపల్లి తీరం. 1873లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఈ ఊళ్లో ఒక కేంద్రం తెరిచింది. నెల్లూరు (1840), ఒంగోలు (1866), రామాయపట్నం (1869) తర్వాత తెలుగు నేల మీద ఆ మిషన్‌కు ఇది నాలుగోది. ఎడ్విన్ బుల్లార్డ్ ఇక్కడ తొలి మిషనరీగా కాపురం పెట్టారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఈ తీరానికి అమెరికా, కెనడాల నుంచి పాతిక ముప్పై ఏళ్ల యువతీయువకులు వస్తూనే ఉన్నారు. ఇక్కడి ప్రజలకు వాళ్లు దొరలు, దొరసానులు. పంపిన సంఘాల దృష్టిలో సువార్త సేవకులు. రోజువారీ జీవితంలో మాత్రం వాళ్లు ముందుగా విద్యార్థులు. భాషా, తిండీ, ఎండా, మర్యాదా, అన్నీ ఇక్కడివాళ్ల దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది.

అల్లూరు కేంద్రానికి చాలా ముందే ఈ మిషన్ తరఫున తెలుగు నేలకు వచ్చినవారిలో మొదటివాడు శామ్యూల్ డే. 1808లో కెనడాలో పుట్టిన ఆయన 1835లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, మరుసటి ఏడు విశాఖపట్నంలో దిగారు. శ్రీకాకుళంలో, మద్రాసులో కొంతకాలం గడిపి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1849లో లైమన్ జువెట్ వచ్చి ఆయనతో కలిశారు. ఒంగోలు చరిత్రలో పెద్ద పేరు తెచ్చుకున్న జాన్ ఎవరెట్ క్లౌ 1864 నవంబరులో భార్య హారియట్‌తో బయలుదేరినప్పుడు ఆయన వయసు 28. వాళ్లు నెల్లూరు చేరేసరికి 1865 ఏప్రిల్ వచ్చింది. అప్పటికింకా సూయెజ్ కాలువ తెరవలేదు. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి, తెరచాప ఓడలో నాలుగైదు నెలలు గడపాలి. 1869లో కాలువ తెరిచాక ప్రయాణం కొన్ని వారాలకు తగ్గింది. మద్రాసులో దిగినవాళ్లు బండ్ల మీదో, తీరం వెంట పోయే కాలువ పడవల్లోనో నెల్లూరు చేరేవారు. 1899 ప్రాంతంలో మద్రాసు, బెజవాడల మధ్య రైలు నడిచేదాకా ఇదే దారి.

వచ్చిన మొదటి రెండేళ్లూ ప్రధానంగా చదువుకే పోయేవి. కొత్త మిషనరీకి తెలుగు నేర్పే ఒక మునిషీని కుదిర్చేవారు. రోజూ కొన్ని గంటలు ఆయన ఎదుట కూర్చుని అక్షరాలు దిద్దాలి, వాచకం చదవాలి, ఏడాది చివర పరీక్ష రాయాలి. పక్కన సి.పి. బ్రౌన్ నిఘంటువు ఉండేది. 1873లో ఎ.హెచ్. ఆర్డెన్ తెలుగు వ్యాకరణం అచ్చయ్యాక అదీ తోడయింది. ఆర్డెన్ కూడా మచిలీపట్నంలో పనిచేసిన మిషనరీయే కాబట్టి, కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో ఆయనకు బాగా తెలుసు. ఇంగ్లీషు నాలుకకు ‘త’, ‘ట’ వేరు చేయడం, ‘ల’, ‘ళ’ వేరు చేయడం, ఒత్తులు పలకడం కష్టం. అంతకన్నా కష్టం మరొకటి ఉంది. మునిషీ నేర్పేది గ్రంథాల తెలుగు, పల్లెలో వినబడేది వేరే తెలుగు. పరీక్షలో నెగ్గిన మిషనరీ పాలేనికి వెళ్తే తన మాట వాళ్లకు అర్థం కాదు, వాళ్ల మాట తనకు అందదు. వ్యాకరణం ముగించుకున్న మనిషి మళ్లీ బావి దగ్గరా, కళ్లంలోనూ, బడిపిల్లల నడుమా రెండోసారి తెలుగు నేర్చుకోవలసిందే. ఈ రెండో చదువు బాగా వంటబట్టినవాళ్లే జనానికి దగ్గరయ్యారు.

మిషన్ కాంపౌండ్ అనేది చిన్న ఊరిలాంటిది. మిద్దె బంగళా, ప్రార్థన మందిరం, బడి, వసతి పిల్లల కొట్టాలు, ఉపదేశులు అనే తెలుగు బోధకుల ఇళ్లు, బావి, గుర్రపుశాల అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉండేవి. తెల్లవారకముందే లేచి, చోటా హాజరీ అని పిలిచే తేలిక ఫలహారం ముగించి, ఎండ ముదరకముందే బయటి పనులు చక్కబెట్టుకోవాలి. పొద్దున్నే పిల్లలతో ప్రార్థన, బడి తనిఖీ, రోగులకు మందులు. వైద్యం చదవకపోయినా ప్రతి మిషనరీ దగ్గరా ఒక మందుల పెట్టె ఉండేది. జ్వరానికి క్వినైన్, పుళ్లకు మలాం, కళ్లకలకకు చుక్కల మందు కోసం జనం అరుగు మీద బారులు తీరేవారు. మధ్యాహ్నం పంఖా కింద లెక్కలూ ఉత్తరాలూ. ఏ ఉపదేశికి ఎంత జీతం, ఏ పల్లె బడికి పలకలు ఎన్ని, మందిరానికి తాటాకు కప్పు ఎప్పుడు మార్చాలి అన్నవన్నీ రాసి పెట్టుకోవాలి. బోస్టన్‌లోని మిషన్ కార్యాలయానికి నివేదికలు పంపాలి, డబ్బిచ్చిన సంఘాలకు జాబులు రాయాలి. పల్లెల్లో తగాదాలు వచ్చినవాళ్లు, అప్పుల్లో చిక్కుకున్నవాళ్లు, కరణం మీద ఫిర్యాదు ఉన్నవాళ్లు కూడా దొర దగ్గరికే వచ్చేవారు. సాయంత్రం బజారులోనో, పాలెంలోనో బోధన. ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి నెలలు పట్టేది. అమ్మానాన్నల మరణవార్త కూడా ఆ ఆలస్యంతోనే చేరేది.

నెల్లూరు సీమలో ఈశాన్య రుతుపవనాలే పెద్ద వానలు. అక్టోబరు, నవంబరుల్లో తుపానులు వస్తే దారులు మూతపడేవి. ఆ వానలు వెలిశాక చలికాలమే సంచారానికి అనువైన కాలం. రెండెడ్ల బండిలో డేరా, మడత మంచం, దోమతెర, నీళ్లు కాచే కెటిల్, బియ్యం, పుస్తకాల మూట, మందుల పెట్టె సర్దుకుని వారాల తరబడి పల్లెలు తిరిగేవారు. ఊరి బయట మామిడితోపులో డేరా వేసేవారు. పొద్దున ఒక ఊరు, సాయంత్రం మరొకటి. పొలం పనుల నుంచి జనం ఇళ్లకు చేరాకే సభ. లాంతరు వెలుగులో పాట మొదలుపెడితే పిల్లలు ముందు వచ్చేవారు, తర్వాత ఆడవాళ్లు, చివరికి పెద్దలు. తర్వాతి రోజుల్లో మ్యాజిక్ లాంతరు బొమ్మలు వచ్చాక గుంపులు ఇంకా పెరిగాయి. బడి ఎలా నడుస్తోందో చూడడం, బాప్తిస్మం అడిగినవాళ్లను ప్రశ్నించడం, ఉపదేశి మీద వచ్చిన ఫిర్యాదు వినడం కూడా ఈ సంచారంలోనే జరిగేవి.

ఆడవాళ్ల పని మరో దారిలో నడిచింది. మొదట్లో మిషనరీల భార్యలే బాలికల బడులు నడిపారు. 1871లో అమెరికాలో బాప్టిస్టు స్త్రీలు సొంత మిషన్ సంఘం పెట్టుకున్నాక, పెళ్లికాని యువతులు కూడా ఉపాధ్యాయినులుగా, వైద్యులుగా రావడం మొదలైంది. తమ దేశంలోనే స్త్రీలకు స్వతంత్ర ఉద్యోగాలు అరుదుగా ఉన్న రోజుల్లో వాళ్లు ఇక్కడ బడులు నడిపారు, నర్సులకు శిక్షణ ఇచ్చారు. మగ వైద్యుడికి చెయ్యి చూపించని కుటుంబాల్లోకి కూడా వాళ్లు వెళ్లగలిగారు. అయితే వాళ్ల వెంట ‘బైబిలు స్త్రీ’ అని పిలిచే తెలుగు బోధకురాలు లేకపోతే ఏ గడపా తెరుచుకునేది కాదు. ఏ ఇంటికి ఏ వేళకు వెళ్లాలో, ఎక్కడ కూర్చోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పేది ఆవిడే. నెల్లూరు జూలియా ఆ కోవలో తొలితరం మనిషి. డే దంపతుల దగ్గర పెరిగిన ఆమె, 1854 కొత్త సంవత్సరం నాటి తెల్లవారుజామున జువెట్ దంపతులతో కలిసి ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన ఐదుగురిలో ఒకరు. ఆ కొండను నేటికీ క్రైస్తవులు ప్రార్థన కొండ అనే అంటారు.

ఫలితం కనబడని ఏళ్లే ఎక్కువ. నెల్లూరులో మొదటి పాతికేళ్లలో విశ్వాసుల సంఖ్య చాలా తక్కువ. ఈ పని మూసేద్దామని అమెరికాలో పదే పదే చర్చ జరిగింది. 1853లో ఆల్బనీ సభలో ఆ మాట వచ్చినప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన పద్యం వల్ల దీనికి ‘లోన్ స్టార్ మిషన్’ అనే పేరు స్థిరపడింది. మరోసారి, సంఘం పంపకపోయినా తాను తిరిగి వెళ్లి తెలుగువాళ్ల మధ్యనే బతుకుతానని, అవసరమైతే అక్కడే చనిపోతానని జువెట్ పట్టుబట్టారు. ఆరోగ్యమూ పెద్ద పరీక్షే. మలేరియా దోమ వల్ల వస్తుందని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టేదాకా, జ్వరం చెడుగాలి వల్ల వస్తుందనే నమ్మేవారు. కలరా, విరేచనాలు, వడదెబ్బ ఎంతోమందిని తీసుకుపోయాయి. డే జబ్బు చేసి 1853లో శాశ్వతంగా తిరిగి వెళ్లిపోయారు. మే నెల ఎండల్లో వీలున్నవాళ్లు నీలగిరికో, 1845లో అమెరికా మిషనరీలే విడిదిగా ఎంచుకున్న కొడైకెనాల్‌కో చేరేవారు. 1901లో అక్కడ వాళ్ల పిల్లల కోసం బడి కూడా వెలిసింది. అంతకుముందు పిల్లలకు ఏడెనిమిదేళ్లు వచ్చాక అమెరికా పంపి, బంధువుల ఇళ్లలోనో, మిషనరీ పిల్లల వసతి గృహాల్లోనో ఉంచేవారు. మళ్లీ సెలవు మీద వెళ్లి చూసేసరికి చాలా ఏళ్లు గడిచిపోయేవి. తాము ఎంచుకున్న త్యాగం ఒకటైతే, పిల్లల మీద పడిన ఈ ఎడబాటు మరొకటి. మిషనరీ కుటుంబాలు మోసిన బరువుల్లో ఇదే పెద్దది.

1876–78 కరువు ఈ దినచర్యను తలకిందులు చేసింది. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ప్రభుత్వం నుంచి కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించారు. ఉపదేశులే మేస్త్రీలుగా నిలబడ్డారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీరిలో అత్యధికులు మాదిగలు. అయితే ఈ కదలికకు మొదలు క్లౌ దొర బోధ ఒక్కటే కాదు. కనిగిరి ప్రాంతపు తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య వంటివాళ్లు తమ బంధువర్గంలో, తమ మాటల్లో ఊరూరా చెప్పడం వల్లే అది సాగింది. ఈ నేల మీద ప్రచారం నిలబడింది తెలుగు ఉపదేశుల కాళ్ల మీదనే. వారికి శిక్షణ ఇచ్చేందుకు 1872లో రామాయపట్నంలో సెమినరీ మొదలైంది.

ఇంత కలిసి పనిచేసినా బంగళాకూ పాలేనికీ మధ్య దూరం పోలేదు. దొర జీతానికీ ఉపదేశి జీతానికీ పోలిక లేదు, నిర్ణయాలు చాలాకాలం దొర చేతిలోనే ఉండేవి. తెల్లవాడి పాలన నడుస్తున్న దేశంలో తెల్లటి మనిషిగా తిరగడమే ఒక అధికారం. దాని నీడ పడకుండా సేవ చేయడం ఎవరికీ సులువు కాలేదు. తిరునెల్వేలి నుంచి తెలుగు నేలకు వచ్చి దోర్నకల్‌లో పనిచేసిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ సభలో ఈ సంగతే సూటిగా చెప్పారు. మిషనరీల త్యాగం గొప్పదే గానీ భారతీయులు కోరుకునేది స్నేహం అని ఆయన ఆవేదన. కలిసి భోంచేయడం, ఒకరింటికి ఒకరు వెళ్లడం వంటి చిన్న విషయాల్లోనే అది తేలుతుంది. దినచర్య గురించి ఇంత నిజమైన విమర్శ మరొకటి లేదు.

నెల్లూరు సీమ మిషనరీలను అందుకోవడంతో ఆగలేదు, పంపింది కూడా. 1860 నుంచి వేలాది తెలుగువాళ్లు ఐదేళ్ల ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకుతోటలకు, తేయాకు తోటలకు కూలీలుగా వెళ్లారు. వారిలో బాప్టిస్టులూ ఉన్నారు. వాళ్ల కోసం తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం 1903లో జాన్ రంగయ్యను నటాల్ పంపింది. ఆ ఏడాది చివరికే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేదాకా ఆయన ఆ తోటల్లోనే సేవ చేశారు. సముద్ర ప్రయాణం, పరాయి చట్టం, అయినవాళ్లకు దూరం కావడం, ఇవన్నీ అల్లూరు బంగళావాసులు పడ్డవే. తేడా ఇది. రంగయ్యకు భాష నేర్చుకునే పని లేదు, తన వాళ్ల మీద అధికారమూ లేదు. మాట్లాడేదీ వినేదీ ఒకే తెలుగు, వాళ్లు పడే కష్టం ఆయన చూడని తోట లేదు.

స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మిషనరీల రాక క్రమంగా తగ్గింది. బడులు, ఆసుపత్రులు, మందిరాలు స్థానికుల చేతికి వచ్చాయి. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం సొంత వ్యవస్థగా ఏర్పడింది. ఈ నూరేళ్ల పైబడిన అనుభవం పరాయి దేశంలో సేవ చేయబోయే ఏ యువకుడికైనా, ఏ యువతికైనా పనికొస్తుంది. భాషకు సమయం ఇవ్వాలి, స్థానికుల మాట ముందు వినాలి, ఎదుటివారితో కలిసి కూర్చుని తినాలి, పనిని వాళ్ల చేతికి అప్పజెప్పేందుకు మొదటి రోజు నుంచే సిద్ధపడాలి. నెల్లూరు తీరంలో నిలిచిన పని ఏదైనా ఈ నాలుగూ చేసినవాళ్లదే.