తోకచక్రపు విమానమునకు కాడి కట్టుట



విమానము గాలిలో నెట్లెగురునో చెప్పు ప్రసంగములు మీరు వినియుందురు. నేడు నేను మనవి చేయబోవునది అది కాదు. ఇంజను ఆపి నేలమీద నిలిపిన చిన్న విమానమును కొట్టములోనికి ఎట్లు చేర్పవలెను? ఎచ్చట పట్టి లాగవలెను? అందులకై దాని తోకకు తగిలించు టోబారు అను ఇనుపకమ్మి ఎట్లుండవలెను? ఇదియే నేటి విషయము. వినుటకు అల్పముగా తోచును. కాని ఈ అల్పవిషయమున నేను చేసిన మరపు ఒకటి విమానమునకు హాని చేసి, అందు కూర్చున్న విద్యార్థిని అపాయపు టంచునకు దెచ్చినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

మా ధారూరులో ఎడ్లబండి ఎరుగని పెద్దలు లేరు గనుక బండితోనే మొదలు పెట్టెదను. రెండు చక్రముల బండి యంతయు ఇరుసుమీద త్రాసువలె తూగుచుండును. బరువు ఇరుసునకు ఒకింత ముందుగా సర్దినచో నొగ కాడిమీద నెమ్మదిగా ఆనియుండును. వెనుకకు జారినచో నొగ పైకి లేచి ఎడ్ల గొంతులకు పట్టెడలు బిగియును. మూటలు బండి కెక్కించునపుడు ముసలివారు ‘ముందటికి జరుపు, ముందటికి జరుపు’ అని కేకలు వేయుట ఇందులకే.

తోకచక్రపు విమానమును ఇట్టి బండిగానే భావింపుడు. అయితే అది తిరుగవేసిన బండి. రెక్కలక్రింద రెండు పెద్దచక్రములు, వానికి ముందు ఇంజను. ఇంత బరువు ముందున్నను, మొత్తము బరువు కూడి నిలుచు చోటు మాత్రము పెద్దచక్రములకు కొంచెము వెనుక పడునట్లు దానిని నిర్మింతురు. అందుచే తోక నేలవైపు వాలి, దానిక్రింది చిన్నచక్రముమీద ఆనుకొనును. బండికి నొగ ముందునకు వాలును. విమానమునకు తోక వెనుకకు వాలును. కాడి కట్టవలసిన చోటును వెనుకనే. మూతిక్రింద చక్రముగల విమానములు వేరుజాతి. వానికి బారు ముందు తగిలింతురు. వాని మాట నేడు వలదు.

తోకక్రింద చక్రము మొదటినుండి ఉన్నది కాదు. 1931లో ఇంగ్లండున పుట్టిన టైగర్‌మాత్, రెండవ ప్రపంచయుద్ధకాలమున మన బేగంపేటలో యువకులకు తొలిపాఠములు నేర్పినది. దాని తోకక్రింద చక్రమునకు బదులు ఇనుపతొడుగుగల ఊత యుండెడిది. అది పచ్చికనేలను గీరుకొనుచు పోవుటచే వేగమును అణచెడిది. ఆ విమానమునకు వేరు బ్రేకులు లేవు. కాంక్రీటు దారులు పెరిగిన కొలది ఊత మూలపడి తోకచక్రము వ్యాప్తికి వచ్చెను. 1945లో హైదరాబాదున ఏర్పడి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలకును తోకచక్రమే. అవి ఖాళీగానే ఏడు టన్నులకు మించును.

నా చేతికి బాగుగా అలవడినది పుష్పక్. అది బెంగుళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమున వి. ఎం. ఘాటగే గారి ఆధ్వర్యమున రూపొంది, 1958లో తొలిసారి ఎగిరినది. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండు విమానము. 90 అశ్వబలముల ఇంజను. పొడవు 21 అడుగులు. రెక్కల విరివి 36 అడుగులు. ఖాళీ బరువు దాదాపు 400 కిలోలు. దేహమునకు ఇనుపగొట్టముల చట్రము, దానిమీద బట్ట. రామాయణములోని పుష్పకము తలచినచోటికి తానే పోయెడిది. ఈ పుష్పకమును మాత్రము ప్రతిసాయంకాలము మేమే లాగవలసి వచ్చెడిది.

నేను పనిచేసినచోట మొదట నుండిన బారు మూడడుగులదే. దానిని పట్టినవాడు నిటారుగా నడిచిన, లాగుడు నేలవెంట పోక పైకి పోయి, చిన్నచక్రము నేల విడిచెడిది. నేల విడిచిన చక్రము దారి చూపదు. అతడు వంగి లాగిన, చక్రమునకంటె వెనుకకు చాచియున్న చుక్కానికి తల తగిలెడిది. మూడు నెలలు ఈ బాధ పడి, కొలతలు వ్రాసుకొని, సెలవునాడు ధారూరు వచ్చి మా కమ్మరితాత ముందు కాగితము పెట్టితిని. ఆయన దానిని అటునిటు త్రిప్పి చూచి, ‘ఎడ్లను ఎనుకకు కట్టే బండా బిడ్డా ఇది?’ అని అడిగెను. ‘అవును తాతా’ అంటిని. నేను చదివిన పుస్తకములలో ఏదియు ఆ సంగతిని ఇంత పొట్టిమాటలో చెప్పలేదు.

తాత చేసిన బారు ఐదడుగుల గొట్టము. ఒక కొన పట్టుకారువలె రెండు చేతులుగా చీలును. చేతుల చివర లోపలికి తిరిగిన రెండు చీలలుండును. తోకచక్రపు ఇరుసు బోలుగా నుండుటచే, ఆ చీలలు ఇరుప్రక్కలనుండి దాని రంధ్రములలో దూరును. చేతులు విడిపోకుండ ఒక కడియము జారివచ్చి బిగియును. రెండవ కొనకు అడ్డముగా చేతిపిడి. చేతుల నడుమ సందు చక్రముకంటె కొంచెము వెడల్పుగా నుండవలెను. లేనిచో టైరును రాచును. చీల వదులైనచో ఊగియూగి రంధ్రమును కోలగా చేయును. మరీ బిగువైనచో తొందరవేళ ఊడిరాదు. ఇందులకై రంధ్రమును మొదటనే కొలిచి, చీలను ఆకురాయితో పలుమారులు రాచి సరిచూచితిమి.

తాత చీలలను మిక్కిలి గట్టి ఉక్కుతో చేయబోగా నేను వారించితిని. ఏదేని విరుగవలసివచ్చిన బారు విరుగవలెను గాని విమానపు ఇరుసు విరుగరాదు. పెద్దవిమానముల బారులలో ఈ నిమిత్తమై కావలెననియే బలహీనమైన చీల నొకదానిని పెట్టుదురు. లాగుడు మితిమీరినప్పుడు అదియే ముందుగా తెగును. విరుగుటకు చీల చేయుమనుట తాతకు రుచింపలేదు. నలుబది యేండ్ల పనిలో అట్టి బేరము తన కొలిమికి రాలేదనెను.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. బారు బయటి పనిముట్టు. ఊరి కమ్మరియు చేయవచ్చును. కాని బారు తగిలించుటకని విమానమునకే క్రొత్తగా కొక్కెమో బోల్టో బిగించినచో, అది విమానములో భాగమగును. అనుమతి పొందిన ఇంజనీరు పరీక్షింపక ఆ పని జరుగరాదు. తోక పెద్దచక్రములకు దూరమగుటచే అచ్చట పెరిగిన కొద్దిబరువును తూకమును మార్చును.

బారును గోనెపట్టతో చుట్టి ధారూరు స్టేషనులో రైలెక్కించితిని. 1874లో వేసిన వాడి–సికిందరాబాదు దారిమీదనే బేగంపేట స్టేషనును ఉండుట నాకు మేలయ్యెను.

ఇక లాగుపద్ధతి. కొన్ని విమానములలో తోకచక్రము స్ప్రింగుల ద్వారా చుక్కానితో కలిసియుండును. కొంతమేర వరకు అది చుక్కాని చెప్పినట్లు తిరుగును. ఆ మేర దాటిన లోపలి పట్టు వదలి, చుట్టును స్వేచ్ఛగా తిరుగును. పట్టు వదలకమునుపే అడ్డముగా గుంజినచో ఆ బలమంతయు స్ప్రింగులమీదను చుక్కాని మొదటను పడును. కావున బారును మెల్లగా ప్రక్కకు త్రిప్పి, పట్టు వదలిన జాడ చేతికి తెలిసిన పిమ్మటనే లాగవలెను. డకోటాకు చక్రము తిరుగకుండ బిగించు లాకు ఉండును. దానిని తీయక ట్రాక్టరు కట్టుట చీల తెంచుకొనుటయే.

తోక దూరముగా నుండుటచే అచ్చట చేతిబలము పెరిగి, చదునునేలపై ఒక్కడే పుష్పక్‌ను త్రిప్పగలడు. ఈ సులువులోనే మోసము కలదు. తోక ఒక గజము జరిగిన రెక్కకొనయు ఇంచుమించు అంత జరుగును. బారు పట్టినవాని చూపు చిన్నచక్రముమీద నుండును గాని, రెక్క స్తంభమునకు తగులుట అతనికి కానరాదు. రెండు రెక్కల కొనలవద్ద ఇద్దరు నడువవలెను. నడకను మించిన వేగము కూడదు. పంకాను పట్టి లాగుట అసలే కూడదు. స్విచ్చి ఆపియున్నను, లోపల మాగ్నెటో తీగ తెగియున్నచో, చేతితో కదల్చినంతనే ఇంజను ఒక్కసారి అంటుకొనవచ్చును. అంతమాత్రమున చెయ్యి పోవును.

ఇప్పుడు నా మరపు సంగతి. ఒక ఉదయము విమానమును వెలుపలికి తెచ్చి, తోకను గోడవైపు త్రిప్పి, కడియము వదులు చేయబోవుచుండగా ఎవరో పిలిచిరి. పోయితిని. తిరిగి వచ్చుసరికి విద్యార్థి ఎక్కి కూర్చుండెను, ఇంజను మ్రోగుచుండెను. బారు ముందున్నచో చోదకుని కంట కొంతవరకైన పడును. తోకకు తగిలించినది అతని వీపుచాటున నుండును. విమానము కదలి మలుపు తిరుగగా, బారు ఎగిరి చుక్కాని అడుగున తగిలెను. బట్ట జానెడు చినిగి, లోపలి కమ్మి వంగెను. నేను రెక్కప్రక్కగా పరుగెత్తి చేతులూపగా అతడు ఇంజను ఆపెను. ఆ బారుతోనే ఎగిరియుండినచో, బరువు తోకకు చేరి, చుక్కాని చిక్కుకొని, ఏమి జరిగెడిదో వేరుగా చెప్పనక్కరలేదు. నన్ను పిలిచినవారి తప్పు ఏమియు లేదు. పని ముగింపక పోయినది నేను.

నాటినుండి పిడికి బారెడు ఎర్రగుడ్డ కట్టితిని. అదియు చాలదనిపించినది, తోకచాటున ఎర్రగుడ్డయైనను కనబడదు గదా. ఒంటిపట్టాల రైలుదారిలో స్టేషనుమాస్టరు ఇచ్చు టోకెను చేత పట్టక డ్రైవరు బండి కదలింపకుండుట మీరు చూచియుందురు. ఆ పద్ధతియే పెట్టితిమి. బారు విప్పినవాడు విమానము ఎదుటికి వచ్చి, దానిని ఎర్రగుడ్డతో తలకు పైగా ఎత్తి చూపవలెను. చోదకుడు చూచితినని చెయ్యి ఎత్తవలెను. ఆ పిమ్మటనే స్విచ్చి. పెద్ద విమానాశ్రయములలో, జెట్టు విమానమును వెనుకకు నెట్టినవాడు ముందుచక్రమునుండి తీసిన ఎర్రపట్టీగల చీలను చోదకునకు ఎత్తి చూపుటయు ఇట్టిదే.

ఆనాటి విద్యార్థి తరువాత మంచి చోదకుడైనాడు. విమానమెక్కి కూర్చుండగనే కిటికీలోనుండి తల వంచి, ‘అన్నా, కాడి ఇప్పినవా?’ అని అడిగెడివాడు. నేను బారు ఎత్తి చూపువరకు స్విచ్చిమీద చెయ్యి వేసెడివాడు కాడు.