పని పడకూడని రాకెట్

2025 జూన్ 25, మన టైము ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 1 నిమిషం. భారత వ్యోమగామి శుభాంశు శుక్లాను, మరో ముగ్గురిని తీసుకుని ఫ్లోరిడాలోని కెనెడీ స్పేస్ సెంటర్ నుంచి ఫాల్కన్ 9 లేచింది. వాతావరణం ఒకసారి, రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు మరోసారి, అంతరిక్ష కేంద్రంలో గాలి లీకు ఇంకోసారి అడ్డొచ్చి రెండు వారాలు వెనక్కి జరిగిన ప్రయోగం అది. చాలామంది చివరి పది అంకెలు వినడానికి టీవీ ముందు చేరారు. ఇలాంటి ప్రయోగాలను రోజుల తరబడి వెంబడించే వాళ్లు మాత్రం గంట ముందే కూర్చుంటారు. వాళ్లు ఎదురుచూసే ఘట్టం రాకెట్ లేవడానికి సుమారు 40 నిమిషాల ముందు వస్తుంది. వ్యోమగాములు నడిచి వచ్చిన వంతెన పక్కకు తొలగుతుంది. ఆ వెంటనే, తప్పించే వ్యవస్థ సిద్ధమైందని ప్రకటన వినిపిస్తుంది. ఇంధనం నింపడం ఆ తరవాతే మొదలవుతుంది.

ఆ వరుసకు కారణం ఉంది. ఖాళీ ట్యాంకుల మీద కూర్చున్న మనిషికి పెద్ద ముప్పు లేదు. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ కలిసి దాదాపు ఐదు వందల టన్నులు ఆ ట్యాంకుల్లోకి ఎక్కేలోపే, మనుషులున్న క్యాప్సూల్‌ను రెప్పపాటులో లాక్కుపోగల ఏర్పాటు కాచుకుని ఉండాలి. ఒక దేశం మనుషులను రోదసిలోకి పంపుతోందంటే నేను రాకెట్ ఎత్తూ బరువూ కంటే ముందు ఈ ఏర్పాటునే చూస్తాను. లోపల కూర్చునే వాళ్ల ప్రాణానికి అక్కడ ఎంత విలువ కట్టారో అందులో తెలిసిపోతుంది.

దీని పుట్టుక 1958 ప్రాంతంలో. అమెరికా మెర్క్యురీ క్యాప్సూల్‌కు రూపం ఇస్తున్న లాంగ్లీ ప్రయోగశాల ఇంజనీరు మాక్సిమ్ ఫాజే ముందు ఒక చిక్కు నిలిచింది. అప్పటి రాకెట్లు తరచూ పేలిపోయేవి. పేలుడు నుంచి మనిషిని ఎలా బయటపడేయాలి? ఫాజే ఆలోచన సూటిగా ఉంది. మనిషిని క్యాప్సూల్‌లోనే ఉంచి, మొత్తం క్యాప్సూల్‌నే రాకెట్ మీంచి పీకెయ్యాలి. అందుకు క్యాప్సూల్ నెత్తిన లోహపు చట్రంతో ఒక గోపురం కట్టి, దాని కొసన ఘన ఇంధన మోటారు బిగించారు.

ఘన ఇంధనమే ఎందుకంటే, ద్రవ ఇంధన ఇంజిన్ రగలాలంటే వాల్వులు తెరుచుకోవాలి, పంపులు తిరగాలి, ఒత్తిడి పెరగాలి. ఘన ఇంధనానికి ఇవేవీ అక్కర్లేదు. నిప్పు అంటుకున్న మరుక్షణం పూర్తి బలంతో మండుతుంది. మెర్క్యురీ మోటారు సుమారు 23 టన్నుల థ్రస్ట్‌తో ఒక్క సెకను మండేది. ఆ ఒక్క సెకనులోనే క్యాప్సూల్ మంటకు అందనంత వేగం పుంజుకునేది. మోటారు కింద మూడు నాజిల్‌లను బయటికి వంచి పెట్టారు, ఆ వేడి వాయువు కిందనున్న క్యాప్సూల్‌ను కాల్చకుండా. ప్రయాణం సజావుగా సాగితే ఈ గోపురం ఉత్త బరువే కాబట్టి, కొంత ఎత్తుకు వెళ్లాక దాన్ని విసిరేయడానికి ఇంకో చిన్న మోటారు. అపోలో నాటికి ఇది ఎంత పెరిగిందంటే, తొలి అమెరికన్ వ్యోమగామి అలన్ షెపర్డ్‌ను మోసుకెళ్లిన రెడ్‌స్టోన్ రాకెట్ కంటే అపోలో గోపురం మీది మోటారుకే బలం ఎక్కువ.

అయితే కాపాడే మోటారు కూడా రాకెట్టే. వేళ కాని వేళ అంటుకుంటే అదే ప్రమాదం. 1959 ఆగస్టు 21న వర్జీనియా తీరంలోని వాలప్స్ దీవిలో ఆ సంగతి తెలిసొచ్చింది. లిటిల్ జో అనే చిన్న రాకెట్ మీద క్యాప్సూల్ నమూనా పెట్టి పరీక్షకు సిద్ధం చేస్తున్నారు. ఇంకా అరగంట టైముంది, బ్యాటరీ ఛార్జ్ చేస్తున్నారు. ఉన్నట్టుండి గోపురం మోటారు రగిలి క్యాప్సూల్‌ను ఎత్తుకుపోయింది. పీఠం దగ్గరున్నవాళ్లు పరుగులు తీశారు. పైన చిన్న పారాచూట్ విచ్చుకుంది. పెద్దదాన్ని విప్పేంత కరెంటు బ్యాటరీలో లేదు. క్యాప్సూల్ సముద్రంలో పడింది, రాకెట్ మాత్రం ఉన్నచోటే ఉంది.

మరుసటి ఏడాది నవంబర్ 21న కేప్ కెనావరల్‌లో ఇంకో పాఠం. మనుషులు లేని మెర్క్యురీ-రెడ్‌స్టోన్ నాలుగంగుళాలు లేచి, ఇంజిన్ ఆగిపోయి, మళ్లీ పీఠం మీద కూర్చుంది. రాకెట్ తోకనున్న రెండు కనెక్టర్లు ఊడాల్సిన వరుస తప్పి ఊడాయి, అంతే. కానీ ఇంజిన్ ఆగిందంటే ప్రయాణంలో ఆ దశ ముగిసిందనే అర్థం చేసుకునేలా క్యాప్సూల్‌ను అమర్చారు. దాంతో గోపురం క్యాప్సూల్‌ను వదిలేసి తానొక్కటే ఎగిరిపోయింది. మూడు వేల మీటర్ల లోపు ఎత్తులో ఉన్నామని గ్రహించిన పరికరం పారాచూట్లు వదిలింది. నిండా ఇంధనంతో, ఏ పట్టూ లేకుండా నిలబడ్డ రాకెట్ పక్కన ఆ గుడ్డ వేలాడుతోంది. గాలికి అది నిండితే రాకెట్ ఒరిగిపోతుంది. బ్యాటరీలు అయిపోయే దాకా, మర్నాడు పొద్దున దాకా, ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. ఆ రోజు ఏ పరికరమూ చెడిపోలేదు. ప్రతిదీ తనకు నేర్పినట్టే చేసింది. అక్కడి నుంచి ఇంజనీర్లకు చింత మోటారు బలం గురించి తగ్గి, ఎప్పుడు రగలాలో నిర్ణయించే తర్కం గురించి పెరిగింది.

సోవియట్లు ఇదే పాఠానికి ప్రాణాలు చెల్లించారు. 1966 డిసెంబర్ 14న బైకనూర్‌లో మనుషులు లేని సోయుజ్ ప్రయోగం చివరి నిమిషంలో ఆగింది. పనివాళ్లు పీఠం దగ్గరికి తిరిగి వచ్చారు. దాదాపు 27 నిమిషాల తరవాత తప్పించే మోటారు రగిలింది, కింద రాకెట్‌కు నిప్పంటుకుంది. తరవాత తేల్చిన కారణం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యంలో ముంచుతుంది. లోపలి గైరోస్కోపులు ఇంకా తిరుగుతున్నాయి. అవి నక్షత్రాలకేసి స్థిరంగా నిలబడి ఉంటే, కింద భూమి తన తిరుగుడు తాను తిరిగింది. అరగంటలో భూమి ఏడున్నర డిగ్రీలు తిరుగుతుంది. ఆ తేడాను చూసి, రాకెట్ పక్కకు ఒరిగిపోతోందనుకుంది యంత్రం.

ఆ సోయుజ్ గోపురమే 1983 సెప్టెంబర్ 26 రాత్రి ఇద్దరిని బతికించింది. వ్లదిమీర్ తితోవ్, గెన్నదీ స్త్రెకలోవ్ గగారిన్ లేచిన పీఠం మీదే కూర్చుని ఉన్నారు. ప్రయోగానికి నిమిషంన్నర ముందు ఒక వాల్వు మూసుకోలేదు. ఇంధనం కారి మంటలు లేచాయి. క్యాప్సూల్ చుట్టూ తొడుగు ఉండటంతో లోపలివాళ్లకు మంటలు కనిపించవు. కుదుపులు మాత్రం తెలిశాయి. తప్పించే మోటారును రగిలించే మీట వాళ్ల చేతిలో లేదు. ఆ ఆదేశం వెళ్లాల్సిన కేబుళ్లు మంటల్లో కాలిపోయాయి. మిగిలిన దారి రేడియో ఒక్కటే. పొరపాటున ఎవరూ నొక్కకుండా, వేర్వేరు గదుల్లోని ఇద్దరు ఐదు సెకన్ల తేడాలో బటన్లు నొక్కితేనే ఆదేశం వెళ్లేలా కట్టుదిట్టం చేశారు. ఇద్దరూ నొక్కారు. మోటారు ఐదు సెకన్లు మండింది. వాళ్ల మీద పడ్డ బలం 14 నుంచి 17 జీలు, అంటే 70 కిలోల మనిషి ఆ ఐదు సెకన్లూ టన్ను బరువు తూగాడు. వాళ్లు వెళ్లిన రెండు సెకన్లకు కింద రాకెట్ పేలింది. క్యాప్సూల్ పారాచూట్‌తో నాలుగు కిలోమీటర్ల అవతల దిగింది. మొత్తం ప్రయాణం 5 నిమిషాల 13 సెకన్లు. పీఠం దాదాపు 20 గంటలు కాలింది.

ఆరు నెలల తరవాత, 1984 ఏప్రిల్ 3న, బైకనూర్‌లోని మరో పీఠం నుంచి సోయుజ్ టి-11 లేచింది. కమాండర్ యూరీ మాలిషెవ్. ఫ్లైట్ ఇంజనీరు గెన్నదీ స్త్రెకలోవ్. మూడో సీట్లో రాకేశ్ శర్మ. ఇందిరా గాంధీతో శర్మ మాట్లాడిన మాటలు దేశమంతటికీ గుర్తున్నాయి. ఆయన పక్క సీట్లో, నిప్పుల్లోంచి బయటపడి ఏడాది కూడా తిరక్కుండా మళ్లీ అలాంటి రాకెట్టే ఎక్కిన మనిషి ఉన్నాడని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పాలి.

ఆ గోపురం లేకపోతే ఏమవుతుందో 1986 జనవరి 28న ప్రపంచం చూసింది. ఛాలెంజర్ షటిల్‌లో ఏడుగురికి తప్పించుకునే దారే లేదు.

2018 అక్టోబర్ 11న సోయుజ్ ఎంఎస్-10 లేచి రెండు నిమిషాలైంది. గోపురాన్ని అప్పుడే విసిరేశారు. కొద్ది సెకన్లలో పక్క బూస్టరొకటి సరిగ్గా విడిపోక ప్రధాన దశను ఢీకొట్టింది. బిగింపులో వంగిపోయిన చిన్న సెన్సర్ పిన్ను దానికి మూలం. అయినా తొడుగు మీద ఉన్న చిన్న మోటార్లు తమ పని చేశాయి. అలెక్సీ ఒవ్చినిన్, నిక్ హేగ్ కజక్ మైదానంలో క్షేమంగా దిగి, ఐదు నెలలకు మళ్లీ సోయుజ్‌లోనే అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు.

అదే ఏడాది జూలై 5న శ్రీహరికోటలో మన గోపురం మొదటిసారి మండింది. క్రూ మాడ్యూల్ నమూనాను నేల మీంచే ఎత్తి (రెండూ కలిపి సుమారు 12.6 టన్నులు), సముద్రం వైపు మళ్లించి, పారాచూట్లతో దించింది. 259 సెకన్లలో పని పూర్తి.

అసలు గట్టి పరీక్ష 2023 అక్టోబర్ 21, శనివారం. సూళ్లూరుపేట దాటి దీవిలోని గ్యాలరీకి చేరినవాళ్లు, ఇళ్లలో ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఎనిమిది గంటలకు సిద్ధంగా ఉన్నారు. వాతావరణం బాగాలేక ఎనిమిదిన్నర అన్నారు, తరవాత ఎనిమిది ముప్పావు అన్నారు. చివరికి కౌంట్‌డౌన్ అంకెలు కూడా దిగుతూ దిగుతూ ఐదు దగ్గర ఆగిపోయాయి. ఇంజిన్ రగలడంలో తేడా కనిపించి కంప్యూటరే ఆపేసింది. మనుషులను మోసే వాహనానికి ఆ ఆగడం చేతనవ్వాలి. నాకు ఆ ఉదయం అన్నిటికంటే ధీమా ఇచ్చింది అదే. లోపం వెతికి సరిచేసి, పది గంటలకు వదిలారు. వికాస్ ఇంజిన్‌తో లేచిన ఆ పరీక్షా వాహనం దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తులో ధ్వని వేగం దాటాక, తప్పించే మోటార్లు మాడ్యూల్‌ను తెంపుకుపోయాయి. ధ్వని వేగం చుట్టుపక్కల గాలి ఒత్తిడి అడ్డదిడ్డంగా ఉంటుంది. అక్కడ తలకిందులవకుండా నిలబెట్టడానికే జల్లెడలాంటి రెక్కలు పెట్టారు. 17 కిలోమీటర్ల దగ్గర మాడ్యూల్ విడిపోయి, పారాచూట్ల వరుస విచ్చుకుని, తీరానికి పది కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దిగింది.

నీళ్లలో అది బోర్లా పడింది. నిటారుగా నిలిపే గాలి సంచులు ఈ నమూనాలో లేవు. మనుషులు కూర్చునే మాడ్యూల్‌లో అవి ఉండి తీరాలి. నౌకాదళం దాన్ని పైకి తీసి చెన్నై రేవుకు చేర్చింది, ఇంజనీర్లు కొలతలు విప్పుకుని పరిశీలించడానికి.