సేవ్ చేశావా తమ్మీ?

ఆట పోతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆడిన ఆట పోతే? కంప్యూటర్ గేమ్‌లను దాచుకోవడమంటే నిజానికి దేన్ని దాచుకోవాలో మా ఇంటికి తెలిసొచ్చేసరికి పదిహేనేళ్లు పట్టింది!

‘‘కరెంటు పోయేటట్టుంది... సేవ్ చేశావా తమ్మీ?’’

2008 ఎండాకాలం సెలవుల్లో ఇటిక్యాలలోని మా ఇంట్లో రోజుకు పదిసార్లయినా వినిపించిన మాట ఇది. అడిగేది మా పెద్దనాన్న కొడుకు. కర్నూలులో విడిభాగాలన్నీ కొని, అక్కడే బిగించుకుని, ప్యాసింజర్ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు ఆ కంప్యూటర్‌ని. 80 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ, సీడీలు రాసే రైటర్. నడిగడ్డలో సీడు పత్తి లెక్కలు ఒకటా రెండా... అవి టైపు చేసి పెడితే నాలుగు డబ్బులొస్తాయని ఆయన ఆశ. అలా పగలంతా పత్తి లెక్కలు, రాత్రయితే ‘వైస్ సిటీ’! అప్పటికి వాళ్లబ్బాయికి ఏడాది. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ, రెండు చేతులతో కీబోర్డు మీద కారు నడిపేవాడు అన్న. పెద్దలు ఆడాల్సిన ఆటే అది. మేమూ ఆడామంటే తప్పు మాదే లెండి.

2003లో కంప్యూటర్లకు వచ్చిన ఆ ఆటలో ఎక్కడపడితే అక్కడ సేవ్ చేయడం కుదరదు. హోటల్‌కో, కొనుక్కున్న ఇంటికో వెళ్లాలి. అక్కడ గుండ్రంగా తిరుగుతుండే క్యాసెట్ బొమ్మ మీద నిలబడాలి. కరెంటు కోతల ఊళ్లో అసలు మిషన్ అదే... లైటు ఆరేలోగా హోటల్ చేరడం! సేవ్ చేసుకోవడానికి ఎనిమిది స్లాట్లుండేవి. సెలవులకు చేరిన పిల్లలం ఏడుగురం. ఎనిమిదోది అన్నది. దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు.

డీలో ఆట... సీలో ప్రాణం

మరుసటేడు ఎవరిదో పెన్‌డ్రైవ్ లోంచి వైరస్ దూరింది. వచ్చిన మెకానిక్ భరోసా ఇచ్చాడు. ‘‘సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొడత. డీలో ఉన్నయన్నీ అట్లనే ఉంటయి.’’ ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. డీలో ఆట చెక్కు చెదరలేదు. తెరిచి చూస్తే ఎనిమిది స్లాట్లూ ఖాళీ!

ఎందుకంటే, ఆట ఉండేది ఒకచోట, ఆడినదాని గుర్తు ఉండేది ఇంకోచోట. వైస్ సిటీని మీరు ఏ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసినా సేవ్‌లు మాత్రం ‘మై డాక్యుమెంట్స్’లో ‘జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్’ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. మై డాక్యుమెంట్స్ ఉండేదేమో సీ డ్రైవ్‌లో. ఒక్కో సేవ్ బరువెంతనుకున్నారు? దాదాపు 200 కేబీ. అప్పటి ఫ్లాపీ ఒక్కదాంట్లో ఏడు పట్టేవి. ఎండాకాలం మొత్తం ఆడిన ఆట, పిల్లలందరి పంతాలు, అలకలు కలిపి రెండు ఎంబీలు కూడా లేవు. అవే పోయాయి.

ఈ తికమక ఇప్పటికీ తీరలేదు సరికదా, పెరిగింది. కొన్ని ఆటలు డాక్యుమెంట్స్‌లో ‘మై గేమ్స్’ కింద సేవ్ చేస్తాయి. కొన్ని ‘సేవ్డ్ గేమ్స్’లో. చాలా కొత్త ఆటలు ‘యాప్‌డేటా’ అనే ఫోల్డర్‌లో. ఇది మామూలుగా కంటికి కనిపించదు, దాచిన ఫైళ్లను చూపించమని విండోస్‌కు చెబితేనే బయటపడుతుంది. పాత ఆటల సంగతి మరీ చిత్రం. అవి తమ ఫోల్డర్‌లోనే రాసుకోవాలని చూస్తాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎవరుపడితే వారు రాయకూడదని విండోస్ విస్టా కాలం నుంచి కట్టడి వచ్చింది. దాంతో ఆ సేవ్‌లను విండోస్ గుట్టుగా ‘వర్చువల్ స్టోర్’ అనే మరో చోటికి మళ్లిస్తుంది. ఆట ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని ‘హమ్మయ్య’ అనుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు డాక్యుమెంట్స్ ఫోల్డరే దాని కిందికి వెళ్లిపోయి ఉండొచ్చు. ఏ ఆట ఎక్కడ దాస్తుందో ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. 2012లో మొదలైన ‘పీసీ గేమింగ్ వికీ’లో ఆట పేరు కొడితే సేవ్ ఫోల్డర్ దారి చూపిస్తుంది. ‘లూడుసావి’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే కంప్యూటర్ అంతా గాలించి సేవ్‌లను ఒకచోటికి చేరుస్తుంది.

రెండు రాత్రులకు ఒక జీబీ

అసలు ఆటను సంపాదించడమే అప్పట్లో ఒక యజ్ఞం. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో వచ్చింది. కొన్ని ప్లాన్లలో అర్ధరాత్రి దాటాక 2 గంటల నుంచి ఉదయం 8 దాకా ఎంత వాడినా లెక్కలోకి రాదు. మొదట్లో ఇచ్చిన 256 కేబీపీఎస్ వేగంతో ఒక జీబీ దిగడానికి తొమ్మిది గంటల పైనే పడుతుంది. అంటే రెండు రాత్రులు! కర్నూలులో మాకు తెలిసిన నెట్ సెంటర్ అన్న పొద్దుపోయాక డౌన్‌లోడ్ పెట్టి వెళ్తే, మూడోరోజు పొద్దున సీడీ మా చేతికొచ్చేది. మధ్యలో లైన్ తెగితే ఆగినచోటి నుంచి అందుకునే డౌన్‌లోడ్ మేనేజర్ ఉంటే సరే... లేదంటే మళ్లీ మొదటికే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తినప్పుడు ఆ సెంటర్‌లోని కంప్యూటర్లూ నీళ్లలో మునిగాయి. అలంపూర్ కూడా మునిగింది. జనం ఇళ్లూ గొడ్డూ గోదా పోగొట్టుకున్న చోట ఆటల గురించి బాధపడటం సిగ్గనిపించింది. అయినా ఆయన తర్వాతెప్పుడో అన్న మాట గుర్తుండిపోయింది. ‘‘సిస్టాలు పోతే మళ్లా కొన్న. బ్యాకప్ సీడీలు కూడ ఆ రూములనే పెట్టిన, అదీ నా తెలివి!’’ కాపీలు ఎన్నున్నా అన్నీ ఒకే గదిలో ఉంటే ఒక్కటున్నట్టే. ఈ విద్యలో ఆరితేరినవాళ్లు చెప్పే లెక్క... మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో.

సెలవులకు వచ్చిన హార్డ్ డిస్క్

ఉయ్యాలలోని ఆ పిల్లాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పండక్కి ఊరొస్తే బ్యాగులో బట్టలకంటే ముందు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ సర్దుకుంటాడు. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అనే ఆటకు కంప్యూటర్‌లో 150 జీబీ చోటు కావాలి. డౌన్‌లోడే 100 జీబీ పైమాట. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో ఇటిక్యాలలో అది దించాలంటే రెండు నెలలు దాటుతుంది. అదీ ఇంట్లో ఎవరూ ఒక్క వీడియో కూడా చూడకుండా ఉంటే!

అందుకే హాస్టల్లోనే పనంతా ముగించుకొస్తాడు. స్టీమ్‌లో కొన్న ఆటయితే దాని ఫోల్డర్‌ను, పక్కనుండే చిన్న మ్యానిఫెస్ట్ ఫైల్‌తో సహా కాపీ చేసుకుంటే చాలు. కొత్త కంప్యూటర్‌లో అదే చోట పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే, ఉన్న ఫైళ్లను సరిచూసుకుని తక్కువైనవే దించుకుంటుంది. ఒకే వైఫై మీదున్న రెండు కంప్యూటర్ల మధ్య నెట్ ఖర్చు లేకుండా ఆటను బదిలీ చేసే సదుపాయం కూడా 2023లో స్టీమ్‌లోకి వచ్చింది. బయల్దేరే ముందు నెట్ ఉండగానే ఆటను ఒకసారి తెరిచి, ఆఫ్‌లైన్ మోడ్‌లోకి మార్చుకుంటే ఊళ్లో ఇబ్బంది ఉండదు.

మొదటిసారి వాడూ బోల్తాపడ్డాడు. స్నేహితుడి పాత పెన్‌డ్రైవ్‌లో బోలెడు చోటుంది, ఫైల్ మాత్రం ఎక్కనంటుంది. ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో నాలుగు జీబీ మించిన ఫైల్ పట్టదు మరి. ఎక్స్‌ఫ్యాట్‌కో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మార్చుకోవాలి. మార్చేటప్పుడు లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందన్నది మర్చిపోవద్దు.

సేవ్‌ల బాధ క్లౌడ్‌తో తీరిపోయిందంటారు. స్టీమ్ క్లౌడ్ 2008లోనే వచ్చింది. కానీ అన్ని ఆటలూ దాన్ని వాడవు. వాడే వాటితోనూ మనలాంటి వాళ్లకు ఒక చిక్కుంది. ఊళ్లో నెట్ లేకుండా పదిరోజులు ఆడి, హాస్టల్‌కెళ్లి నెట్ కలపగానే ‘ఇక్కడున్నది ఉంచాలా, క్లౌడ్‌లోది ఉంచాలా’ అని అడుగుతుంది. తేదీ చూడకుండా రెండోది నొక్కారా... పండగ సెలవులన్నీ గోవిందా! ఆ ప్రశ్న ఎదురైనప్పుడు ఏదీ నొక్కకుండా ముందు సేవ్ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోవడమే మేలు.

ఉచితంగా వస్తుందని క్రాక్ చేసిన ఆటలు దించేవాళ్లకు ఒకటే మాట. ‘యాంటీ వైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని రాసి ఉందంటే, తాళం తీసిపెట్టి ఊరెళ్లమని దొంగ చెప్పినట్టే. పోయేది సేవ్‌లు ఒక్కటే కాదు.

కొన్నది మనది కాదట!

డబ్బు పెట్టి కొన్నా నిశ్చింత లేదు. యూబీసాఫ్ట్ సంస్థ ‘ద క్రూ’ అనే కార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్లు ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరలేదు. ఆ కోపంలోంచే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు చేశారు. మీరు కొంటున్నది ఆటను కాదు, ఆడుకునే లైసెన్సును మాత్రమేనని అమ్మేటప్పుడే చెప్పాలంటూ కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. జీవోజీ లాంటి దుకాణాలు కొన్న ఆట ఇన్‌స్టాలర్‌ను నెట్ అక్కర్లేకుండా దాచుకోనిస్తాయి. అలాంటి చోట దొరికే ఆటను ఇంకోచోట కొనడం తెలివి తక్కువ పనని నా అభిప్రాయం.

డిస్క్ చేతిలో ఉన్నా అంతే. ఆ కాలం నాటి చాలా డిస్కులకు ‘సేఫ్‌డిస్క్’ అనే తాళం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని రానివ్వలేదు. పోనీ కొత్తది కొందామా అంటే, వైస్ సిటీని 2021లో కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు కానీ పాత సేవ్‌లు అందులో తెరుచుకోవు. మా పక్కనే శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. చాళుక్యుల నాటి గుడినే ఎత్తి మరోచోట పెట్టగలిగారు, 200 కేబీ ఫైల్‌ను ఒక ఆటలోంచి అదే ఆటలోకి మార్చలేకపోతున్నాం!

ఎనిమిదో స్లాట్

అన్న 2012లో హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. ఫోటోలు కొన్ని ఉన్నాయి. వీడియో ఒక్కటీ లేదు.

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే బీరువా అడుగున పత్తి లెక్కల ఫైళ్ల మధ్య ఒక సీడీ దొరికింది. మీద నల్ల మార్కర్‌తో అన్న చేతిరాత... ‘వీసీ సేవ్, అందరివి’. కరెంటు పోయినప్పుడల్లా మమ్మల్ని అడిగిన మనిషి, ఫార్మాట్‌కు ముందే ఎప్పుడో తన జాగ్రత్త తాను చేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వాడి లాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు. అటక మీది పాత సీపీయూ దించాం. దుమ్ము ఊది, మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ మార్చి, స్విచ్ వేస్తే ఎక్స్‌పీ లేచి కూర్చుంది! సీడీ డ్రైవ్ తలుపు రాలేదు. ముందున్న సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి లాగాం. రాసుకునే సీడీల్లోని రంగు పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, మా నడిగడ్డ ఎండలకు మరీను. ఎనిమిది ఫైళ్లలో అయిదు చదవలేనంది. మూడు కాపీ అయ్యాయి. ఒకటి నాది. ఒకటి మేనత్త కూతురిది. మూడోది ఎనిమిదో స్లాట్.

లోడ్ చేశాం. హోటల్ ముందు తెల్లవారుతోంది. గ్యారేజీ తలుపు దగ్గరికెళ్తే దానంతటదే పైకి లేచింది. లోపల తెల్ల కారు, ఆయన పెట్టినచోటే ఉంది. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

‘‘చిన్నాయనా, నేను నడపనా?’’

‘‘ముందు ఈ ఫోల్డర్ నీ హార్డ్ డిస్క్‌లకు ఎక్కించు. ఒకటి నా మెయిల్‌కు పంపు’’ అన్నాను. పంపాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కారెక్కాడు. గంట తర్వాత బయట ఉరుము వినిపించి, ఎందుకైనా మంచిదని హోటల్‌కు తిప్పాడు. క్యాసెట్ బొమ్మ మీద నిలబడ్డాక తెర మీద స్లాట్ల వరస వచ్చింది.

‘‘మొదటిదాంట్లో చెయ్‌రా’’ అన్నాను. ‘‘ఎనిమిదోది ముట్టకు.’’