ఊపిరికి కూడా లెక్క ఉన్న ఇల్లు

అంతరిక్షం అనగానే మనకి రాకెట్టే గుర్తొస్తుంది. అది ఎక్కిన మనిషి రోజూ ఏం పీలుస్తాడు, ఏం తాగుతాడు, ఏం తింటాడు అనేది అంతగా తట్టదు. ఆర్ట్స్ చదివే నన్ను కూడా పట్టేసిన ప్రశ్న ఇది.

ఒక చిన్న లెక్క చూడండి. మనిషికి రోజుకి సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. అంగారకుడి దాకా వెళ్లి రావడానికి దాదాపు 1000 రోజులు పట్టొచ్చు. నలుగురు వెళ్తే ఒక్క ఆక్సిజనే మూడు టన్నులు దాటుతుంది. నీళ్లు, తిండి వేరే. అంతా మోసుకెళ్లలేం కనుక వాడినదాన్నే మళ్లీ వాడుకోవాలి.

ఇది కుదురుతుందా అని చైనాలో విద్యార్థులే లోపల ఉండి చూశారు. బీజింగ్‌లోని బేహాంగ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ లియూ హోంగ్ బృందం 'యుయెగోంగ్-1' అనే మూసివున్న ఇల్లు కట్టింది. ఆ పేరుకి చంద్రభవనం అని అర్థం. మనుషులకి ఒక గది, పంటలకి రెండు. 2017 మే నుంచి 2018 మే దాకా 370 రోజులు ఎనిమిది మంది విద్యార్థులు, నలుగురేసి చొప్పున వంతులవారీగా అందులో ఉన్నారు. ఒక జట్టు అయితే వరసగా 200 రోజులు బయటికే రాలేదు.

లోపల ఏదీ చెత్త కాదు. మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ గోధుమ, సోయా లాంటి మొక్కలకి ఆహారం. మొక్కలు వదిలిన ఆక్సిజన్ మనుషులకి ఊపిరి. మూత్రాన్ని కూడా శుద్ధి చేసి వాడుకుంటారు. మనం తినలేని ఆకులు, కాడలు పురుగులకి మేత, ఆ పురుగులు మనుషులకి మాంసకృత్తులు! అన్నంలో పురుగు కనిపిస్తే పళ్లెం పక్కకి నెట్టేసే మనకి ఇది మింగుడుపడదు.

అన్నిటికన్నా కష్టం సమతూకం. జట్టు మారితే పీల్చే గాలి కొలత కూడా మారుతుంది, ఎందుకంటే అందరి శరీరం ఒకటి కాదు. మొక్కలు తగ్గితే మనుషులకి ఇబ్బంది, మనుషుల ఊపిరి తగ్గితే మొక్కలకి ఇబ్బంది. అందుకే మొక్కలకిచ్చే వెలుతురుని, వ్యర్థాలు కుళ్లే వేగాన్ని సర్దుకోవాలి. అన్నాళ్లు నాలుగు గోడల మధ్య ఉన్న మనుషుల మనసు ఎలా ఉందో కూడా గమనించారు.

చివరికి 98 శాతం పదార్థం మళ్లీ వాడుకోగలిగామని ప్రకటించారు. మిగిలిన 2 శాతం బయటి నుంచి అందాల్సిందే. బీజింగ్‌లో అది గుమ్మం దాకా తెచ్చివ్వొచ్చు. అంగారకుడి మీద తెచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ 2 శాతాన్ని ఎలా తగ్గించాలన్నదే ఇక తేలాల్సిన లెక్క.